మిణుకుమనడమా, కొట్టుకోవడమా?

సందేహం: కారు ఇండికేటర్లలోనూ పార్కింగ్ లైట్లలోనూ పాత బల్బులు తీయించి ఎల్ఈడీలు పెట్టించాను. మర్నాడే ఇండికేటర్ తేడా చేసింది. మెకానిక్‌కు ఫోన్ చేసి ‘మిణుకు మిణుకుమంటోంది’ అన్నాను. అతను వచ్చి ముందు ఎర్త్ వైరు (బల్బు నుంచి కరెంటు బండి బాడీకి తిరిగి వెళ్లే వైరు) వెతికాడు. తర్వాత స్విచ్ వేసి చూసి, ‘ఇది మిణుకుమనడం కాదండీ, కొట్టుకోవడం’ అన్నాడు. నా మాటలో తప్పేముంది? అన్నట్టు మిణుకా, మినుకా? ఇంకొకటి, పార్కింగ్ లైటు స్విచ్ తీసేసినా కొద్దిగా వెలుగుతూనే ఉంది. దీన్ని ‘ఆరడం లేదు’ అనాలా, ‘ఆగడం లేదు’ అనాలా? ఇండికేటర్ కొట్టుకోవడం తగ్గడానికి అతను పెడతానంటున్న లోడ్ రెసిస్టర్‌ను తెలుగులో నిరోధం అనవచ్చా?

సమాధానం: నా ఓటు మెకానిక్‌కే. చమురు అయిపోవచ్చిన దీపం మిణుకుమంటుంది. దూరాన చుక్క మిణుకుమంటుంది. వెలుగు తక్కువై, ఉందా పోయిందా అన్నట్టుంటేనే ఆ మాట. దానికొక లెక్కా తాళమూ ఉండవు. లైటు అలా ఉందని ఫోన్‌లో వింటే ఎవరైనా ముందు వదులైన ఎర్త్‌నే అనుమానిస్తారు. అతను వైరు వెతకడానికి కారణం మీ మాటే.

కొట్టుకోవడానికి తాళం ఉంది. గుండె కొట్టుకుంటుంది, నాడి కొట్టుకుంటుంది. మీ ఇండికేటర్ వెలుగు తగ్గలేదు, వేగం పెరిగింది. మామూలుగా నిమిషానికి 60 నుంచి 120 సార్లు వెలిగి ఆరాల్సింది అంతకు మించి పరుగెడుతోంది. పాత 21 వాట్ల బల్బు 12 వోల్టుల దగ్గర సుమారు 1.75 ఆంపియర్లు తీసుకునేది. ఎల్ఈడీకి అందులో చిన్న భాగం చాలు. కరెంటు తగ్గేసరికి, ఇండికేటర్‌ను వెలిగించి ఆర్పే ఫ్లాషర్ రిలే బల్బు మాడిపోయిందనుకుని, డ్రైవరుకు తెలియాలని గబగబా కొడుతుంది. పాత బల్బుల రోజుల్లో ఒకటి పోతే మిగిలినది ఇలాగే కొట్టుకోవడం మీరూ చూసే ఉంటారు. (కన్ను కొట్టడానికీ కన్ను కొట్టుకోవడానికీ ఉన్న తేడా గుర్తుందిగా! మొదటిది మన ఇష్టం, రెండోది మన చేతిలో లేనిది.)

బాగా పాత బళ్లలో వేడికి వంగే లోహపు బద్దతో పనిచేసే రిలే ఉంటుంది. ఎల్ఈడీ తీసుకునే కరెంటుకు ఆ బద్ద వేడెక్కదు. కాబట్టి లైటు కొట్టుకోకుండా అలాగే నిలిచి వెలుగుతుంది. అప్పుడు ‘ఇండికేటర్ వెలుగుతోంది’ అని మీరు చెబితే, వినేవాడు అంతా బాగానే ఉందనుకుంటాడు. ‘నిలిచి వెలుగుతోంది’ అంటేనే రోగం బయటపడుతుంది.

మిణుకు, మినుకు రెండూ సరే. మిణుగురు పురుగు ఈ కుటుంబంలోదే. తమిళులు కరెంటును మిన్సారం అంటారు, ఆ ‘మిన్’ కూడా ఇదే.

ఇక ఆరడం, ఆగడం. దీపం, నిప్పు ఆరతాయి. బండి, ఫ్యాను ఆగుతాయి. ‘లైటు ఆపు’ అనడం అందరి నోళ్లలో నలిగిన మాట, దాన్ని తప్పుపట్టే పని నేను పెట్టుకోను. అయితే స్విచ్ తీసినా ఇండికేటర్ కొట్టుకుంటూ ఉంటే అది ఆగడం లేదు. మీ పార్కింగ్ లైటు ఆరడం లేదు. ఇంకా బాగా చెప్పాలంటే అది ‘గుడ్డిగా వెలుగుతోంది’. గుడ్డి దీపం అన్న మాట ఉండగా ‘కొద్దిగా’తో సరిపెట్టుకోవడం ఎందుకు? కొన్ని కార్లు బల్బు ఉందో పోయిందో చూసుకోవడానికి స్విచ్ తీసి ఉన్నా సన్నగా కరెంటు పంపుతాయి. ఆ కాస్తకు పాత బల్బు తీగ ఎర్రబడదు. ఎల్ఈడీకి అదే చాలు, గుడ్డిగా వెలుగుతుంది.

నిరోధం గుణం, నిరోధకం వస్తువు. వాహకం, పూరకం లాంటి మాటల్లో ఉన్న ‘కం’ ఇదే, పని చేసేదాన్ని చెబుతుంది. 6 ఓమ్‌ల నిరోధం ఉన్న నిరోధకం అనాలి. షాపులో మాత్రం రెసిస్టర్ అనే అడగండి, అక్కడ నిరోధకం అంటే మీ మొహం చూస్తారు.

ఈ తెలుగు మాటతో ఒక చిక్కుంది. నిరోధం అనగానే దారికి అడ్డంగా పెట్టేదేమో అనిపిస్తుంది. అడ్డంగా, అంటే బల్బు వైరు మధ్యలో కోసి పెడితే వేగం తగ్గదు సరికదా వెలుగు కూడా తగ్గవచ్చు. దాన్ని బల్బుకు పక్కన, ప్లస్‌కూ ఎర్త్‌కూ మధ్య సమాంతరంగా కలపాలి. అప్పుడు, అది 6 ఓమ్‌లదైతే, 12 వోల్టుల దగ్గర 2 ఆంపియర్లు దాని గుండా పోతాయి, రిలే పాత బల్బే ఉందనుకుంటుంది. ఆ 24 వాట్లూ వేడే. ఇంజను తిరుగుతూ 14 వోల్టులు వస్తుంటే 33 వాట్ల దాకా పోతుంది. ప్లాస్టిక్‌కో వైర్లకో కట్టకుండా లోహపు రేకుకు బిగించమనండి. నన్నడిగితే, ఎల్ఈడీ పెట్టి మిగిల్చిన కరెంటును మళ్లీ ఇలా తగలెయ్యడం కన్నా, బల్బు ఎంత కరెంటు తీసుకుంటోందన్న దానితో సంబంధం లేకుండా నడిచే ఎలక్ట్రానిక్ ఫ్లాషర్ రిలే మీ బండికి దొరికితే అది మార్పించడం మేలు.

మీరు అడగలేదు గానీ, కొత్త ఎల్ఈడీ ఏదైనా అసలు వెలగకపోతే వెంటనే ‘మాడిపోయింది’ అనకండి. మాడడం పాత బల్బు లక్షణం, లోపల గాజు నల్లబడి కనిపించేది కూడా. ఎల్ఈడీ కరెంటును ఒకవైపు నుంచే పోనిస్తుంది. ఊడదీసి, తిప్పి పెట్టే వీలున్న రకమైతే తిప్పి పెట్టి చూడండి. అప్పటికీ వెలగకపోతే ‘పోయింది’ అనండి.