టైఫాయిడ్ తిరగబెడితే...

ప్రశ్న: మా అబ్బాయికి పదహారేళ్లు. టైఫాయిడ్ అని మందులు రాశారు. నాలుగో రోజుకే జ్వరం దిగింది, ఆరో రోజున మందు ఆపేశాం. మూడు వారాలకు మళ్లీ అదే జ్వరం. కాచిన నీళ్లే తాగించాం, బయటి తిండి పెట్టలేదు. మరి ఎక్కణ్ణుంచి వచ్చింది?
– ఒక తల్లి, ఖమ్మం

జవాబు: అమ్మా, బహుశా బయటి నుంచి కాదు, ఒంట్లో మిగిలిపోయిన క్రిమే మళ్లీ లేచి ఉంటుంది. మీ జాగ్రత్తలో లోపం లేదు. మందు మధ్యలో ఆపడమే ఇక్కడ ఇబ్బంది తెచ్చింది.

టైఫాయిడ్ క్రిమి పేరు సాల్మొనెల్లా టైఫి. నీళ్లతోనో తిండితోనో లోపలికి వెళ్లినవాటిలో చాలా భాగాన్ని కడుపులోని ఆమ్లమే చంపేస్తుంది. (ఎసిడిటీ మాత్రలు రోజూ వేసుకునేవాళ్లకు ముప్పు పెరిగేది ఇందుకే.) తప్పించుకున్నవి చిన్నపేగు చివర ఉండే రక్షణ కణాల గుంపుల దగ్గర పేగు గోడను దాటతాయి. అక్కడ కాపలా ఉండే మాక్రోఫేజ్ అనే తెల్లకణం వాటిని మింగేస్తుంది. మామూలు క్రిమి కథ అక్కడితో సరి. దాన్ని ఒక చిన్న సంచిలో బంధించి, అందులోకి ఆమ్లాన్నీ జీర్ణరసాల్నీ వదిలి కణం కరిగించేస్తుంది. టైఫి మాత్రం సంచిలో ఆమ్లం పెరగడాన్నే సంకేతంగా తీసుకుంటుంది. వెంటనే సూదిలాంటి నిర్మాణం ఒకటి తయారు చేసుకుని, సంచి గోడ గుండా కణంలోకి తన ప్రొటీన్లను ఎక్కిస్తుంది. దాంతో కణం వదిలే విషాలు సంచిలోకి సరిగా చేరవు. చంపాల్సిన కణంలోనే క్రిమి కాపురం పెట్టి పిల్లల్ని పెడుతుంది. ఆ కణం ఎక్కడికి పోతే అక్కడికి, అంటే కాలేయం, ప్లీహం, ఎముక మజ్జ దాకా చేరుతుంది. ఇదంతా జరిగే వారం, రెండు వారాలూ మనిషికి ఏమీ తెలియదు. అక్కడ పెరిగిన క్రిములు రక్తంలోకి వచ్చాకే జ్వరం.

ఇప్పుడు మీ అబ్బాయి విషయం. మందు పడగానే రక్తంలో తిరిగే క్రిములు చస్తాయి, జ్వరం దిగుతుంది. కణాల్లో ఉన్నవి అంత తొందరగా చావవు. సెఫ్ట్రియాక్సోన్ లాంటి మందులు కణాల లోపలికి తక్కువగా చేరతాయి, అందుకే వాటిని సాధారణంగా పది నుంచి పద్నాలుగు రోజులు వాడతారు. అజిత్రోమైసిన్ కణాల్లోనే ఎక్కువగా పోగవుతుంది కాబట్టి దానికి తరచుగా ఏడు రోజులు చాలు. ఏ మందైనా జ్వరం తగ్గిందని ఆపకూడదు. కోర్సు పూర్తి చేసినా కొద్దిమందికి తిరగబెడుతుందని కూడా గుర్తుంచుకోండి.

ఇంట్లో మిగిలిన పాత మాత్రలు మళ్లీ మొదలుపెట్టకండి. మందుల చీటీ తీసుకుని వెళ్లి, కొత్త యాంటీబయాటిక్ పడకముందే బ్లడ్ కల్చర్, అంటే రక్తంలోని క్రిమిని ల్యాబ్‌లో పెంచి చూసే పరీక్ష, చేయించండి. ఏ మందుకు లొంగుతుందో అందులో తెలుస్తుంది. మన దేశంలో ఇప్పుడు సిప్రోఫ్లాక్సాసిన్‌కు లొంగని టైఫాయిడే ఎక్కువ. జ్వరం మూడో వారంలో ఉన్నవాళ్లకు కడుపులో ఒక్కసారిగా తీవ్రమైన నొప్పి, నల్లటి విరేచనం, మగతలో ఏదేదో మాట్లాడటం కనిపిస్తే ఆ క్షణమే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. క్రిమి మొదట దాటిన చోటే పేగుకు పుండు పడి రక్తం కారవచ్చు, చిల్లు కూడా పడవచ్చు.

ప్రశ్న: ఏ జ్వరం వచ్చినా మా ఊరి ల్యాబ్‌లో వైడాల్ పరీక్ష చేసి 'కొంచెం టైఫాయిడ్ ఉంది' అంటారు. నిజమేనా?
– జగిత్యాల పాఠకుడు

జవాబు: 'కొంచెం టైఫాయిడ్' అనేది లేదు. 1896 నాటి ఈ పరీక్ష క్రిమిని చూడదు, దానిపై మన ఒంట్లో తయారైన యాంటీబాడీలను కొలుస్తుంది. పాత జ్వరం, టీకా, సాల్మొనెల్లా జాతిలోని వేరే క్రిమి, ఏదైనా కారణం కావచ్చు. ఒక్కసారి తీసిన 1:160 అంకె (రక్తంలోని ద్రవాన్ని 160 రెట్లు పలచన చేసినా యాంటీబాడీలు కనిపించాయని అర్థం) చూసి యాంటీబయాటిక్ మొదలుపెట్టడం తప్పని గట్టిగా చెబుతున్నాం. ఏడు నుంచి పది రోజుల తేడాతో రెండుసార్లు చేసి, అంకె నాలుగు రెట్లు పెరిగితేనే దానికి కాస్త విలువ.

నమ్మదగింది బ్లడ్ కల్చరే. అదీ మొదటి వారంలో, మందు పడకముందు. క్రిమి కణాల్లో దాక్కుంటుంది కాబట్టి ఒక మిల్లీలీటరు రక్తంలో ఒక్కటైనా దొరక్కపోవచ్చు. అందుకే పెద్దవాళ్ల దగ్గర 8 నుంచి 10 మిల్లీలీటర్లు తీయాలి. రెండు మిల్లీలీటర్లతో సరిపెడితే ఉన్న జబ్బు కూడా తప్పిపోతుంది. సరిగ్గా తీసినా సుమారు సగం మందిలోనే పట్టుబడుతుంది, కాబట్టి నెగెటివ్ వచ్చినంత మాత్రాన టైఫాయిడ్ లేదని కొట్టిపారేయలేం.

ప్రశ్న: మా హాస్టల్ వంటమనిషికి రెండేళ్ల కిందట టైఫాయిడ్ వచ్చింది. ఇప్పుడు బాగానే ఉంది. భయపడాలా?
– గుంటూరు విద్యార్థిని

జవాబు: చాలామందికి అక్కర్లేదు. నూరుమందిలో ఇద్దరి నుంచి ఐదుగురికి మాత్రం క్రిమి పిత్తాశయంలో ఉండిపోయి, ఏడాది దాటినా మలంలో వస్తూనే ఉంటుంది. పిత్తాశయంలో రాళ్లుంటే వాటిపై జిగురు పొర కట్టుకుని యాంటీబయాటిక్‌కూ అందదు. ఆమెకు మల పరీక్ష, అంటే స్టూల్ కల్చర్, వేర్వేరు రోజుల్లో కొన్నిసార్లు చేయిస్తే తేలుతుంది, ఎందుకంటే క్రిమి రోజూ రాదు. ఫలితం వచ్చేదాకా ఆమెను దోషిలా చూడకండి. దొడ్డికెళ్లి వచ్చాక సబ్బుతో చేతులు కడుక్కునే వీలు, నీళ్లు, వంటగది పక్కనే ఉన్నాయో లేదో ముందు చూడండి.

ప్రశ్న: టీకా వేయించుకుంటే ఇక రాదా?
– విజయనగరం పాఠకురాలు

జవాబు: బాగా తగ్గుతుంది, పూర్తిగా పోదు. టైఫికి 'వీఐ' అనే చక్కెర తొడుగు ఉంటుంది. తనను గుర్తుపట్టించే భాగాల్ని అది కప్పేస్తుంది. అందుకే పేగులో మొదట పెద్ద అలజడి లేకుండానే లోపలికి జారుకుంటుంది. టీకా చేసింది ఆ తొడుగుతోనే. ఒట్టి చక్కెరను రెండేళ్లలోపు పిల్లల ఒళ్లు గుర్తుపట్టదు, అందుకే దాన్ని ధనుర్వాతం టీకాలోని ప్రొటీన్‌కు అతికించారు. హైదరాబాద్‌లోని భారత్ బయోటెక్ తయారు చేసిన ఇలాంటి టీకా, టైప్‌బార్ టీసీవీ, 2017 చివర్లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆమోదం పొందింది. ఆరు నెలలు నిండిన బిడ్డ నుంచి, అర మిల్లీలీటరు, ఒక్క డోసు. టైఫాయిడ్ లాంటి జ్వరాన్నే తెచ్చే పారాటైఫాయిడ్-ఏ క్రిమికి ఈ తొడుగే లేదు కాబట్టి ఆ జ్వరాన్ని ఈ టీకా ఆపదు. టీకా వేయించుకున్నా నీళ్లు కాచే తాగండి.