అమ్మ చెవుల సంగతి

చిరంజీవి తమ్ముడికి,

మీ అక్క ఆశీర్వదించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. మొన్న నువ్వు ఫోన్ చేసిన దగ్గర్నుంచి నా మనసు అక్కడే ఉంది. ఏటీఎం ముందు నిలబడితే పిన్ నంబరు గుర్తురాక ఇంటికి తిరిగొచ్చేశానని, అమ్మకి వచ్చినట్టే మతిమరుపు జబ్బు నాకూ వస్తోందేమోనని అన్నావు. నీ వెనకాల ఐసు ఫ్యాక్టరీ కంప్రెసరు హోరులో నేను చెప్పింది సగం కూడా నీకు వినబడలేదు. అందుకే కూర్చుని రాస్తున్నాను.

ముందు ఆ భయం తీసెయ్. 58 ఏళ్ళ వాడు టెన్షన్‌లో ఉండి నాలుగంకెలు మర్చిపోతే అది జబ్బు కాదు. కళ్ళజోడు ఎక్కడ పెట్టామో మర్చిపోవడం వేరు, కళ్ళజోడు చేతిలో పట్టుకుని ఇదెందుకని అడగడం వేరు. రోజూ వెళ్ళే దారి తప్పిపోవడం, అడిగిందే పదిసార్లు అడగడం, ఏళ్ళ తరబడి రాసిన లెక్క రాయలేకపోవడం కనబడితే అప్పుడు ఆలస్యం చేయకుండా నరాల డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. నీకు అవేవీ లేవు. కానీ జాగ్రత్త పడాల్సిన వయసు మాత్రం ఇదే. మతిమరుపు బయటపడడానికి పదిహేను, ఇరవై ఏళ్ళ ముందే మెదడులో మార్పులు మొదలవుతాయి.

ఏఎన్ఎమ్ నర్సుగా లంక గ్రామాల్లో పడవ దాటి, గట్టు ఎక్కి, వందల ఇళ్ళు తిరిగినదాన్ని. అయినా మనింట్లో అమ్మ విషయం నాకు తెలియలేదు. ఆ సంగతి నీకు చెప్పాలి.

సాయంత్రమయ్యేసరికి అమ్మ లేసు పట్టుకుని అరుగు మీద కూర్చునేది, గుర్తుందా? వీధిలో ఆడవాళ్ళంతా అక్కడికే చేరేవారు. డెబ్బై దాటాక తనకి వినికిడి తగ్గింది. ప్రతి మాటా అరిచి చెప్పాల్సి వచ్చేసరికి ఒక్కొక్కళ్ళే రావడం మానేశారు. వచ్చినవాళ్ళు ఏం చెప్పినా అమ్మ "ఆఁ, ఆఁ" అని తల ఊపేది. మనం పెద్దతనం అనుకున్నాం. ఒకరోజు నేను "చింతపండు నానబెట్టనా అమ్మా?" అని అడిగితే "ఎవరు, ఎప్పుడొచ్చారు?" అంది. అందరం నవ్వేశాం. అమ్మ లేసు ఒళ్ళో పెట్టుకుని తల దించుకుంది. ఆ తర్వాత మెల్లగా అరుగు మీదికి రావడమే మానేసి లోపలి గదిలో కూర్చునేది. అసలు మతిమరుపు మొదలైంది ఆ మూడు నాలుగేళ్ళలోనే. చివరికి నా పేరు కూడా మర్చిపోయింది. లేసు సూది చేతికిస్తే మాత్రం వేళ్ళు ముడి మీద ముడి లెక్క తప్పకుండా అల్లేవి. ఆ వేళ్ళు చూసి నేను వంటింట్లోకి పోయి ఏడ్చేదాన్ని.

చెవుల వల్లే అమ్మకి అలా అయిందని నేను అనను. అది ఒక్క కారణంతో వచ్చే జబ్బు కాదు. కానీ 2024లో లాన్సెట్ అనే వైద్య పత్రిక తరఫున నిపుణులు ఇచ్చిన నివేదికలో, మన చేతిలో ఉన్న కారణాలు 14 చెప్పారు. వాటన్నిటినీ సరిచేసుకోగలిగితే ప్రపంచంలో ఈ జబ్బు కేసుల్లో దాదాపు 45 శాతం రాకుండా ఆపడమో, ఆలస్యం చేయడమో కుదురుతుందట. అందులో వినికిడి తగ్గడం, నడివయసులో చెడు కొలెస్ట్రాల్ పెరగడం, ఈ రెండిటికే పెద్ద వాటా. బీపీ, షుగరు, పొగ, మందు, ఒంటరితనం, కదలకుండా కూర్చోవడం, చూపు తగ్గడం కూడా ఆ 14లో ఉన్నాయి. చెవి సరిగ్గా వినకపోతే మాట పట్టుకోవడానికే మెదడు అలసిపోతుంది, ఇక గుర్తుపెట్టుకోవడానికి ఓపిక మిగలదు. పైగా మనిషి జనంలోంచి తప్పుకుంటాడు. అమ్మకి జరిగింది అదే.

ఇరవై ఏళ్ళుగా ఆ కంప్రెసరు పక్కన నిలబడుతున్నావు. టీవీ సౌండు తగ్గించమంటే వినడం లేదని మరదలు రెండుసార్లు చెప్పింది. చెవి డాక్టరు దగ్గరికి వెళ్ళి ఆడియోగ్రామ్, అంటే వినికిడి పరీక్ష, తీయించుకో. చెవుల్లో దూది పెట్టుకుంటే చాలదు, హోరు ఆపేలా చెవుల మీద పెట్టుకునే మఫ్‌లు కొనుక్కో, నీ దగ్గర పనిచేసే కుర్రాళ్ళకి కూడా కొను. చెవి మిషను పెట్టుకోమంటే నామోషీ పడకు. మొదట్లో గిన్నెల చప్పుడు కూడా పెద్దగా వినబడి చిరాకేస్తుంది. కొన్ని వారాలు ఓపిక పడితే అలవాటైపోతుంది. జ్ఞాపకశక్తికి ఏ టానిక్ తాగమంటావని అడిగావు కదా, ఆ డబ్బులు దీనికి పెట్టు.

ఇక బీపీ. తల తిరిగినప్పుడు వేసుకుని, బాగున్నప్పుడు మానేసే మాత్ర కాదది. మెదడులో సన్నని రక్తనాళాలు ఉంటాయి, ఎక్కువ ఒత్తిడికి అవి ఏళ్ళ తరబడి చప్పుడు లేకుండా దెబ్బతింటాయి. నలభై దాటిన దగ్గర్నుంచి పై అంకె 130 దాటకుండా చూసుకోమని ఆ నిపుణులే చెప్పారు. మాత్ర ఎంత, ఏది అన్నది మీ డాక్టరు చెప్పాలి. నువ్వు మాత్రం ఇంట్లో మిషనుతో చూసుకుని పుస్తకంలో రాసిపెట్టు.

మరదలు పదేళ్ళుగా షుగరుకి మెట్‌ఫార్మిన్ వేసుకుంటోంది కదా. ఆ మందు ఎక్కువకాలం వాడితే కొందరిలో బీ12 తగ్గుతుంది. బీ12 తగ్గినా, థైరాయిడ్ తగ్గినా మతిమరుపు వస్తుంది, కాళ్ళు తిమ్మిరెక్కుతాయి. మా వీధిలో ఒకావిడ మనవళ్ళ పేర్లు తడబడుతోందని ఇంట్లో వాళ్ళు వదిలేశారు. పరీక్ష చేయిస్తే బీ12 బాగా తక్కువ. ఇంజక్షన్లు పడ్డాక కొన్ని నెలలకి మళ్ళీ చిట్టీల లెక్క తనే చూసుకుంది. మీ ఇద్దరూ ఆ రెండు పరీక్షలూ చేయించుకోండి. నీకు గురక ఉంటే, మధ్యలో ఊపిరి ఆగినట్టు అవుతోందేమో మరదల్ని అడుగు. అవుతోందంటే డాక్టరుకి చెప్పాలి. నిద్ర పట్టలేదని నిద్రమాత్రల జోలికి వెళ్ళకు. అమ్మకి ఒకాయన రాసిచ్చిన నిద్రమాత్రని ఏడాదిపాటు నా చేత్తోనే వేశాను, పొద్దున్నే ఆ మత్తు చూసి కూడా ఆపించమని అడగలేదు. అది ఇప్పటికీ నన్ను బాధిస్తూనే ఉంది.

తిండి గురించి నీకు పెద్దగా చెప్పక్కర్లేదు. ఉప్పు రోజుకి మొత్తం మీద ఒక చిన్న చెంచా మించకూడదు. ఎండుచేప, ఆవకాయ ఉన్న ఇంట్లో అది కష్టమే, అందుకే రెండూ ఒకే పూట వద్దు. కవళ్ళు, కానాగంతలు లాంటి చేపలు చవగ్గా వస్తాయి, వేపుడు కాకుండా పులుసు పెట్టించుకో. అన్నం కొంచెం తగ్గించి తోటకూర, పొన్నగంటికూర పెంచు. పొద్దున్నే కాలువ గట్టు మీద అరగంట నడువు. మాట్లాడగలగాలి గానీ పాట పాడలేనంత వేగం ఉండాలి, వారానికి ఐదు రోజులు.

ఇంకొకటి ఉంది, ఇది నాకు బాగా నచ్చిన సంగతి. 2013లో హైదరాబాదు నిమ్స్ ఆసుపత్రిలో మతిమరుపు జబ్బు ఉన్న 648 మంది వివరాలు డాక్టర్ సువర్ణ అల్లాడి గారి బృందం పరిశీలించింది. ఒకే భాష వచ్చినవాళ్ళకంటే రెండు, అంతకంటే ఎక్కువ భాషలు మాట్లాడేవాళ్ళలో జబ్బు సుమారు నాలుగున్నరేళ్ళు ఆలస్యంగా బయటపడింది. చదువురానివాళ్ళలో కూడా అలాగే కనబడింది. నీ ఐసు ఫ్యాక్టరీలో ఒడిశా కుర్రాళ్ళు ఉన్నారు కదా. వాళ్ళతో సైగలతో నెట్టుకొస్తున్నావని నవ్వుతూ చెప్పావు. రోజుకి ఐదు మాటలు వాళ్ళ దగ్గరే నేర్చుకో, వాళ్ళతో కలిసి టీ తాగు. ఇంటికి దూరంగా ఉన్న పిల్లలు, వాళ్ళకీ సంతోషం. నేనైతే లేసు అల్లడం మళ్ళీ మొదలుపెట్టాను. అమ్మ వేసిన పాత డిజైను ముందర పెట్టుకుని విప్పుతున్నాను, అల్లుతున్నాను.

దసరాకి ఊరికి రా. అరుగు శుభ్రం చేయించాను. వచ్చేటప్పుడు బీపీ పుస్తకం, చెవి పరీక్ష కాగితం రెండూ పట్టుకురా. కాగితం లేకుండా వస్తే మర్నాడే నిన్ను నేనే తీసుకెళ్తాను. మరదలికి, పిల్లలకి నా ఆశీస్సులు.

ఇట్లు,
మీ అక్క