చారిటీ కోసం విదేశాల్లో పాడే ఎ కపెల్లా టూర్: వీసా, డబ్బు, గొంతు

ప్రశ్న: ఇంగ్లండ్‌లో చదువుతున్నాను. మా యూనివర్సిటీ ఎ కపెల్లా (వాద్యాలు లేకుండా గొంతులతోనే పాడే) గ్రూపులో 12 మందిమి. ఈస్టర్ సెలవుల్లో అమెరికా వెళ్లి, ఇక్కడి పిల్లల హాస్పిస్ (నయంకాని జబ్బుతో ఉన్న పిల్లల్ని చూసుకునే సంస్థ) కోసం పాడాలనుకుంటున్నాం. లెక్కలు నా నెత్తిన పెట్టారు. ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: మీ పాస్‌పోర్ట్ దగ్గర మొదలుపెట్టండి. బ్రిటిష్ పాస్‌పోర్ట్ ఉన్న మీ స్నేహితులు ఆన్‌లైన్‌లో ఎస్టా (వీసా లేకుండా వెళ్లేందుకు ముందస్తు అనుమతి) తీసుకుని 90 రోజుల లోపు వెళ్లొచ్చేస్తారు. మన భారతీయ పాస్‌పోర్ట్‌కి ఆ దారి లేదు, బి-2 అనే సందర్శకుల వీసాకి అప్లై చేయాలి. ఇంటర్వ్యూ తేదీ ఎప్పుడు దొరుకుతుందో మన చేతిలో ఉండదు కాబట్టి, గ్రూపు విమానం టికెట్లు కొనకముందే ఆ పని చూడండి. పైసా తీసుకోకుండా చారిటీ కార్యక్రమంలో పాడే ఔత్సాహికులకు బి-2 సరిపోతుంది, దారి ఖర్చులు నిర్వాహకులు పెట్టుకున్నా ఫర్వాలేదు. పాడినందుకు ఫీజు ఇస్తామంటే మాత్రం అది ఆ వీసాలో కుదరదు, ముందే వద్దనండి.

ఇక డబ్బు. టూర్ ఖర్చుకి ఒక ఖాతా, చారిటీకి వేరే ఖాతా, మొదటిరోజు నుంచే. చాలా గ్రూపులు తడబడేది ఇక్కడే: వ్యాన్ అద్దెకి తక్కువైందని విరాళంలోంచి ‘సర్దుతారు’, తర్వాత అది తిరిగి రాదు. పోస్టర్ మీద ‘మొత్తం డబ్బు హాస్పిస్‌కే’ అని వేస్తే మొత్తం ఇవ్వాలి. ఖర్చులు పోను మిగిలిందే ఇస్తారా, అలాగే రాయండి. విమానం, వ్యాన్, బీమా ఖర్చు ముందే సభ్యుల వాటాలతో, పూర్వ విద్యార్థుల సాయంతో తేల్చేసుకోండి. బస పూర్వ విద్యార్థుల ఇళ్లలో దొరికితే సగం భారం దిగినట్టే.

నా సలహా, హాస్పిస్ కోసం పాడే కచేరీ బయల్దేరేముందు ఇంగ్లండ్‌లోనే పెట్టండి. బ్రిటన్‌లో పన్ను కట్టేవాళ్లు గిఫ్ట్ ఎయిడ్ ఫారంలో పేరు, ఇంటి చిరునామా రాసిస్తే ప్రతి పౌండుకీ ప్రభుత్వం 25 పెన్నీలు చారిటీకి కలుపుతుంది. టికెట్ కొన్న డబ్బుకి ఇది రాదు, విరాళానికే వస్తుంది. అందుకే ప్రవేశం ఉచితం చేసి, బయటికెళ్లే తలుపు దగ్గర బకెట్, కార్డ్ మెషీన్ పెట్టడం లాభం. అమెరికన్ల విరాళానికి గిఫ్ట్ ఎయిడ్ వర్తించదు, బ్రిటిష్ సంస్థకి నేరుగా ఇస్తే మామూలుగా వాళ్లకి అక్కడ పన్ను మినహాయింపూ రాదు. అక్కడ పోగైంది ఆ ఊరి సంస్థకే ఇస్తే ఇచ్చేవాళ్లకీ హాయి. బకెట్ ఆ రాత్రే ఇద్దరు కలిసి లెక్కపెట్టి, ఇద్దరూ సంతకం చేయాలి.

మిమ్మల్ని స్ఫూర్తిపరచిన గ్రూపు ఏదో నాకు తెలియదు గానీ, 2000లో మొదలైన ఆక్స్‌ఫర్డ్ బృందం ఔట్ ఆఫ్ ది బ్లూ చాలాకాలంగా హెలెన్ అండ్ డగ్లస్ హౌస్ అనే పిల్లల హాస్పిస్ కోసం పాడుతోంది. వేదికలు మారినా సంస్థ ఒక్కటే కావడంతో జనానికి గుర్తుంటుంది.

వాద్యాలు లేవు కాబట్టి లగేజీ గొడవ లేదు, కానీ మోసుకెళ్లే వాద్యం గొంతే. విమానంలో గాలి బాగా పొడిగా ఉంటుంది, దిగిన రోజు కచేరీ పెట్టకండి. గొంతు బొంగురుపోతే గుసగుసలాడినా శ్రమే, మౌనమే మందు. ప్రతి సోలోకీ, నోటితో డ్రమ్స్ కొట్టే మనిషికీ, ఇంకొకరిని తయారుగా ఉంచండి. రెండోవారంలో ఒకరిద్దరికి జలుబు ఖాయం.

పాట ముగియగానే పిచ్ పైప్ (శ్రుతి అందుకోడానికి ఊదే చిన్న పరికరం) మళ్లీ మెల్లగా ఊదండి. శ్రుతి అర మెట్టు దిగిందంటే అలసట కావచ్చు, లేదా మధ్య గొంతులు గాంధారాన్ని కిందకి లాగుతున్నాయి. అదే పాట మర్నాడు అర మెట్టు పైనుంచి ఎత్తుకోండి, చాలాసార్లు నిలబడుతుంది. కర్ణాటక సంగీతం నేర్చుకున్నవాళ్లకి ఇంకో మాట: సోలోలో గమకం అందం, కోరస్‌లో అదే స్వరం ఊగితే పక్కవాళ్లతో కలిసి పలికే స్వరాల కూర్పు చెడిపోతుంది. అక్కడ స్వరాన్ని సూటిగా పట్టుకోండి, అచ్చులు కూడా పక్కవాళ్లతో కలపండి. ‘ఆ’ ఒకరిది వెడల్పుగా, ఒకరిది గుండ్రంగా ఉంటే శ్రుతి సరిగా ఉన్నా అపశ్రుతిలాగే వినిపిస్తుంది.