కాంప్లిమెంట్ చేసే పని ట్యూబులో కళ్లారా చూశాను

"ఒంట్లో యాంటీబాడీలు ఉన్నాయి కదా, మళ్లీ ఈ కాంప్లిమెంట్ సిస్టమ్ ఎందుకు?" అని అడిగారు. కాంప్లిమెంట్ అంటే సూక్ష్మజీవుల్ని ఎదుర్కొనే రక్తంలోని ప్రొటీన్ల గుంపు. ఇమ్యునాలజీ ల్యాబులో పదకొండేళ్లు టెక్నీషియన్‌గా చేశాను. పుస్తకంలో చదివినప్పుడు నాకూ బుర్రకెక్కలేదు. కాంప్లిమెంట్ ఎంత బాగా పనిచేస్తుందో చూసే సీహెచ్50 పరీక్ష నా చేత్తో చేశాకే అర్థమైంది.

ఈ పరీక్షకి గొర్రె ఎర్ర రక్తకణాలకు ముందే యాంటీబాడీ పట్టించి ఉంచుతాం. ట్యూబు వెనక కాగితం పెడితే అక్షరాలు కనబడనంత చిక్కగా ఉంటుంది. యాంటీబాడీ అంటుకున్నంత మాత్రాన కణాలకు ఏమీ కాదు. అందులో మనిషి సీరం (రక్తం గడ్డకట్టాక మిగిలే ద్రవం) కలిపి 37 డిగ్రీల వాటర్ బాత్‌లో పెడితే, కాసేపటికి కణాలు పగిలి, దానిమ్మ రసం వడగట్టినట్టు తేటపడుతుంది. అదే సీరాన్ని ముందుగా 56 డిగ్రీల్లో అరగంట ఉంచి కలపండి, ఒక్క కణం పగలదు. ఆ వేడికి యాంటీబాడీలు నిలుస్తాయి, కాంప్లిమెంట్ నిలవదు. బెల్జియం శాస్త్రవేత్త జూల్ బోర్డే 1890ల్లోనే ఈ సంగతి చూపించాడు. ఆయనకు 1919 నోబెల్ బహుమతి వచ్చింది.

అంటే యాంటీబాడీ గుర్తు పెడుతుంది, కాంప్లిమెంట్ ఆ గుర్తును బట్టి పని ముగిస్తుంది. ఇవి 30కి పైగా ప్రొటీన్లు, ఎక్కువగా కాలేయంలో తయారై రక్తంలో ఊరికే తిరుగుతుంటాయి. యాంటీబాడీ లేకపోయినా సూక్ష్మజీవి ఒంటి మీది చక్కెరలను పట్టి కూడా మొదలవగలవు. అన్నిటికీ కీలకం సీ3 అనే ప్రొటీన్. అది తెగి, ఒక ముక్క సూక్ష్మజీవికి అతుక్కుంటుంది. తెల్ల రక్తకణాలు దాన్ని పట్టుకుని మింగేస్తాయి. సీ5ఏ లాంటి చిన్న ముక్కలు ఆ కణాల్ని అక్కడికి రప్పిస్తాయి. చివర్లో సీ5బీ నుంచి సీ9 దాకా కలిసి సూక్ష్మజీవి పొరకు కన్నం పెడతాయి.

ఆ కన్నం ఎంత ముఖ్యమో ఒక అబ్బాయి శాంపిల్ చెప్పింది. మెనింగోకాకస్ అనే బ్యాక్టీరియా వల్ల మెదడు పొరల జ్వరం (మెనింజైటిస్) అతనికి అప్పటికి రెండుసార్లు వచ్చింది. మిగతా జబ్బులన్నీ అందరి పిల్లల్లాగే. సీహెచ్50 చేస్తే సున్నా, అంటే కణాలు పగల్లేదు. నేను నమ్మలేదు, ఎందుకంటే మే నెల ఎండలో, బయటి సెంటర్ నుంచి ఐస్ లేకుండా వచ్చిన శాంపిల్ అది. కాంప్లిమెంట్ ఇట్టే చెడిపోతుంది. మీకు డాక్టర్ ఈ పరీక్ష రాస్తే మాత్రం, పరీక్ష చేసే ల్యాబుకే వెళ్లి రక్తం ఇవ్వండి. ఆ అబ్బాయి వాళ్లని మళ్లీ పిలిపించి, రక్తం తీసిన వెంటనే సీరం వేరు చేసి చేశాను. మళ్లీ సున్నాయే. ఒక్కో ప్రొటీన్‌నీ విడివిడిగా చూస్తే, కన్నం పెట్టేవాటిలో ఒకటైన సీ6 లేదు. సీ3 బాగానే ఉంది కాబట్టి మింగే పని సాగుతోంది, కన్నం పడటం లేదు. మెనింగోకాకస్‌ని ఆపడానికి ఆ కన్నం చాలా ముఖ్యం.

ఇది తల్లిదండ్రులిద్దరి నుంచీ వచ్చే లోపం కాబట్టి డాక్టర్ చెల్లెలికీ చేయించమన్నారు. ఆ పాపకి ఒక్కసారీ జబ్బు రాలేదు, అయినా ట్యూబు తేటపడలేదు. హజ్ యాత్రకు వెళ్లేవాళ్లకి వేసే మెనింజైటిస్ టీకానే ఇద్దరికీ వేయించారు.