సరిహద్దు బేరం గుట్టుగా సాగొచ్చు, బిల్లు మాత్రం కాదు

మీరు అడిగింది ఇది: "రెండు ప్రభుత్వాల మధ్య భూభాగం తగాదా తెగాలంటే చర్చలు గుట్టుగానే జరగాలి కదా? అన్నీ జనం ముందు పెట్టి చట్టం చేయాలంటే ఏ ఒప్పందమైనా కుదురుతుందా?"

నాది భద్రాచలం. మా మేనమామ వాళ్లది ఎటపాక. భద్రాచలం చివరి ఇళ్లు దాటితే ఎటపాకే. 2014 నుంచి మేం తెలంగాణ, వాళ్లు ఆంధ్రప్రదేశ్. కాబట్టి ఈ జవాబులో సొంత గోడు కొంత కలుస్తుంది, ముందే చెప్పేస్తున్నా.

చర్చలు గుట్టుగా జరగడం మీద నాకు పేచీ లేదు. ఏది వదులుకుంటామో, ఎక్కడ పట్టుబడతామో రోజూ పేపర్లో వస్తుంటే ఏ ముఖ్యమంత్రీ ఒక్క మెట్టు దిగడు. కానీ బేరం వేరు, ఆ బేరాన్ని చట్టం చేయడం వేరు. మా దగ్గర ఆ రెండోదే తలుపులేసి చేశారు.

2014 ఫిబ్రవరి 18న విభజన బిల్లు లోక్‌సభలో పాసవుతున్న సమయంలో ప్రత్యక్ష ప్రసారం ఆగిపోయింది. సాంకేతిక లోపం అన్నారు. మా ఇంట్లో టీవీ ముందు రాష్ట్రం కావాలన్నవాళ్లూ ఉన్నారు, వద్దన్నవాళ్లూ ఉన్నారు. ఆ సంజాయిషీని మాత్రం ఏ పక్షమూ నమ్మలేదు. (విచిత్రమేమిటంటే, ముసాయిదా చట్టాలను కనీసం 30 రోజులు ప్రజల ముందు ఉంచాలన్న విధానాన్ని కేంద్ర న్యాయశాఖ అన్ని శాఖలకూ పంపింది కూడా ఆ నెలలోనే.)

అది పెద్ద కథ, అందరికీ తెలుసు. మా కథ దాని తోక. మే 26న కొత్త ప్రభుత్వం వచ్చింది, 29న ఆర్డినెన్సు వచ్చింది. చింతూరు, కూనవరం, వరరామచంద్రపురం, కుక్కునూరు, వేలేరుపాడు మండలాలు, బూర్గంపాడులో కొన్ని గ్రామాలు, పట్టణం మినహా భద్రాచలం మండలమంతా ఆంధ్రకు వెళ్లిపోయాయి. తెలంగాణ ఏర్పడేది జూన్ 2న. రాజ్యాంగం 3వ అధికరణం ప్రకారం సరిహద్దు మార్చే బిల్లుపై ఆ రాష్ట్ర శాసనసభ అభిప్రాయం అడగాలి. ఆ రోజుకి ఊళ్లు పోగొట్టుకుంటున్న రాష్ట్రమే ఇంకా పుట్టలేదు, ఉమ్మడి రాష్ట్రమేమో రాష్ట్రపతి పాలనలో ఉంది. ఎవరిని అడుగుతారు? జూలై 11న లోక్‌సభ, 14న రాజ్యసభ ఆ ఆర్డినెన్సును చట్టంగా ఆమోదించాయి.

కారణాలు లేవని అనను. పోలవరం ముంపు భూమి వేరే రాష్ట్రంలో ఉంటే భూసేకరణ, పునరావాసం ఏళ్ల తరబడి సాగుతాయి. పునరావాసం కోసం అవసరమైతే మరిన్ని సవరణలు తెస్తామని మన్మోహన్ సింగ్ ఫిబ్రవరి 20న రాజ్యసభలో మాట కూడా ఇచ్చారు. పైగా భద్రాచలం ప్రాంతం 1959 దాకా తూర్పు గోదావరి జిల్లాలోదే. ఇవన్నీ వాదించదగ్గ కారణాలే. వాటిని సభలో మా ఎదుట వాదించి ఉండాల్సింది.

అప్పుడు కొన్ని చిక్కులు ముందే తేలేవి. అసలు చట్టం ముంపు గ్రామాల లెక్కతో గీత గీసింది. సవరణ చాలాచోట్ల మండలాలకు మండలాలనే తీసుకుంది. దాంతో ఎటపాక, పురుషోత్తపట్నం, గుండాల, కన్నాయిగూడెం, పిచ్చుకలపాడు అవతలికి పోయాయి. మేం దుమ్ముగూడెం, చర్ల వెళ్లాలంటే తెలంగాణ నుంచి తెలంగాణకే ఆంధ్ర మీదుగా పోతాం. రాములవారి గుడి ఇక్కడ, ఆయన భూములు దాదాపు 889 ఎకరాలు పురుషోత్తపట్నంలో. పట్టణం చెత్త పోయడానికి జాగా లేదు. 2022 జూలైలో గోదావరి 71.3 అడుగులకు చేరినప్పుడు కరకట్ట గురించి రెండు ప్రభుత్వాలతో మాట్లాడాల్సి వచ్చింది.

ఎటపాక పిల్లల సంగతి ఇంకా చిక్కు. బడి భద్రాచలంలో, రేషన్ కార్డు ఆంధ్రలో. స్థానికత చూసేది ఏళ్ల తరబడి ఎక్కడ చదివారన్న దాన్ని బట్టి. సొంత రాష్ట్రంలో సీటుకో ఉద్యోగానికో వెళ్తే స్థానికేతరుడివి అంటారు. మా మామయ్య పెద్దకొడుకు ఆ సర్టిఫికెట్ కోసం రెండు వైపులా తిరిగాడు. "మీది మా పరిధి కాదు" అన్న మాట రెండు రాష్ట్రాల్లోనూ విన్నాడు. 2022లో వాళ్ల జిల్లా కేంద్రం పాడేరు అయింది, 2025 చివర్లో రంపచోడవరానికి మారింది. ఆసుపత్రికి మాత్రం ఇప్పటికీ భద్రాచలమే దిక్కు.

ఇక మీ ప్రశ్నలో రెండో సగం: అన్నీ బయటపెడితే ఒప్పందం కుదురుతుందా? కుదిరింది, అదీ రెండు దేశాల మధ్య. భారత్, బంగ్లాదేశ్ 1974లో భూసరిహద్దు ఒప్పందం రాసుకున్నాయి, 2011లో ప్రొటోకాల్ మీద సంతకాలు చేశాయి. ఆ బేరమంతా దౌత్యవేత్తలు నడిపిందే. కానీ రాజ్యాంగ సవరణ బిల్లు పార్లమెంటు స్థాయీ సంఘానికి వెళ్లింది. సంఘం 2014 డిసెంబరులో నివేదిక ఇచ్చింది, 2015 మేలో సభలు ఆమోదించాయి. అస్సాం అభ్యంతరాలు బహిరంగంగానే చర్చకు వచ్చాయి. చిట్‌మహల్‌లలో (ఒక దేశం మధ్యలో చిక్కుకుపోయిన రెండో దేశపు ఊళ్లు) ఉమ్మడిగా జనాన్ని లెక్కపెట్టి, ఏ దేశ పౌరసత్వం కావాలో కోరుకోమన్నారు. 2015 జూలై 31 అర్ధరాత్రి మన 111 చిట్‌మహల్‌లు అటు, వాళ్ల 51 ఇటు మారాయి. తర్వాత ఇళ్లకూ భూమి కాగితాలకూ అక్కడి జనం పడ్డ పాట్లు తక్కువేమీ కాదు. అయినా వాళ్లను అడిగారు.

2024 జూలై 6న ఇద్దరు ముఖ్యమంత్రులు హైదరాబాద్‌లో కూర్చుని విభజన తగాదాలకు కమిటీలు వేయాలనుకున్నారు. మంచిదే. కానీ ఎటపాకతో సహా పైన చెప్పిన ఐదు ఊళ్లు తెలంగాణకు వెనక్కి రావాలంటే వాళ్లిద్దరూ చేతులు కలిపితే చాలదు, పార్లమెంటు చట్టం కావాలి. ఆ బిల్లు ముసాయిదా తెలుగులో ఆ పంచాయతీల గోడకు అంటించి, గ్రామసభ పెట్టాలన్నది నా కోరిక. మా ఊళ్లలాంటి షెడ్యూల్డ్ (గిరిజన) ప్రాంతంలో ప్రాజెక్టుకు భూమి తీసుకునే ముందు గ్రామసభనో పంచాయతీనో సంప్రదించాలని 1996 పెసా చట్టం చెబుతోంది. ఊరినే వేరే రాష్ట్రంలో కలపాలంటే ఆ పాటి నిబంధన కూడా లేదు.

గ్రామసభ పెడితే అందరూ ఒకే మాట అంటారనీ అనుకోకండి. మా మామయ్య తెలంగాణలో కలపాలంటాడు. చిన్నకొడుక్కి ఆంధ్రలో టీచరు ఉద్యోగం వచ్చింది, వాడు కలపొద్దంటాడు. రోజూ భోజనాల దగ్గర ఇదే రభస. ఇంతవరకు ఏ ప్రభుత్వమూ వాళ్లిద్దరిలో ఒక్కరినీ అడగలేదు.