పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయులు చిన్న ఊళ్లో ఏ సేవ చేయవచ్చు?

మీ అమ్మగారు వచ్చే వేసవిలో సైన్సు టీచరుగా పదవీ విరమణ చేస్తున్నారని, ఆ తరువాత ఊరికి ఉపయోగపడే పని ఏదైనా సూచించమని అడిగారు. మా నాన్నగారు ఉదయగిరి ప్రాంతంలో, మెట్ట పంటల మీద బతికే ఒక చిన్న ఊళ్లో లెక్కల మాస్టారుగా విరమించారు. ఆయన పనిని దగ్గరగా చూసినవాడిగా నేను ఒక్కటే చెబుతాను: ఎనిమిదో తరగతి పిల్లలను కేంద్ర ప్రభుత్వ ఉపకార వేతనానికి జరిగే ఎన్‌ఎంఎంఎస్ (నేషనల్ మీన్స్-కమ్-మెరిట్ స్కాలర్‌షిప్) పరీక్షకు తయారు చేయించి, ఆ ఉపకార వేతనం చేతికి అందేదాకా వారి వెంట ఉండమనండి.

మొదటి ఏడాది నాన్నగారు అన్ని తరగతుల వారికీ ఉచితంగా పాఠాలు చెబుతానన్నారు. మొదటి వారం మా వరండా నిండిపోయింది, దసరా సెలవులు ముగిసేసరికి ఆరుగురు మిగిలారు. ఒక గురి అంటూ లేకపోవడమే కారణమని గ్రహించి, మరుసటి ఏడు ఎనిమిదో తరగతి వారిని మాత్రమే పిలిచారు.

ప్రభుత్వ, స్థానిక సంస్థల, ఎయిడెడ్ బడుల్లో చదువుతూ, కుటుంబ వార్షికాదాయం 3.5 లక్షల రూపాయలు మించని పిల్లలు ఈ పరీక్ష రాయవచ్చు. ఎంపికైతే తొమ్మిదో తరగతి నుంచి ఇంటర్ దాకా ఏటా 12,000 రూపాయలు నేరుగా బ్యాంకు ఖాతాలో పడతాయి. పరీక్షలో సగం మార్కులు పాఠ్యాంశాలకు, సగం మేధాశక్తి ప్రశ్నలకు ఉంటాయి. సంఖ్యల శ్రేణులు, అద్దంలో ప్రతిబింబాలు వంటి మేధాశక్తి ప్రశ్నలు కొత్త గనుక మా పిల్లలు అక్కడే తడబడేవారు. నాన్నగారు మా అమ్మ అద్దాన్ని పలక పక్కన నిలబెట్టి, అక్షరం ఎటు తిరిగిందో వాళ్ల చేతనే చెప్పించేవారు.

అయితే అసలు కష్టం ఎంపికైన తరువాతే మొదలవుతుంది. ఒక కూలీ కుటుంబపు అమ్మాయికి బడి రికార్డులో ‘శ్రీదేవి’ అని, ఆధార్‌లో ‘సిరిదేవి’ అని ఉండడంతో ఆ ఏడాది డబ్బు అందలేదు. ఆ పిల్ల తండ్రి పని మానుకుని మూడుసార్లు కార్యాలయాల చుట్టూ తిరిగాడు. అది నాన్నగారిని చాలా బాధించింది. అప్పటి నుంచి ఒక లాంగ్ నోట్‌బుక్‌లో ప్రతి బిడ్డ పేరునూ బడి రికార్డు, ఆధార్, బ్యాంకు పాసుబుక్కు అని మూడు గడుల్లో రాసి, ఒక్క అక్షరం తేడా ఉన్నా ఎర్ర పెన్సిలుతో గీత గీస్తున్నారు. జాతీయ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో ఏటా పునరుద్ధరణ చేయించకపోతే వేతనం ఆగిపోతుంది కనుక, ఇంటర్ కోసం వేరే ఊరు వెళ్లిన పిల్లలకూ ఫోన్ చేసి గుర్తు చేస్తారు. ఊళ్లో ఈ పని చేసేవారు మరొకరు లేరు.

మీ అమ్మగారు ప్రధానోపాధ్యాయుల అనుమతితో జూన్‌లోనే ఈ పేర్ల పరిశీలన మొదలుపెడితే, దరఖాస్తుల నాటికి తప్పులు దిద్దించుకునే వ్యవధి దొరుకుతుంది. తరగతి మాత్రం బడికి ముందు, ఉదయం పూటే పెట్టమనండి. సాయంత్రం పెడితే దూరపు పల్లెల ఆడపిల్లలు చీకటి పడుతుందని మానేస్తారు.