గోర్జ్‌లో డేవ్ మాథ్యూస్ బ్యాండ్ కచేరీకి అమ్మానాన్నలను తీసుకెళ్లవచ్చా? పచ్చికలో కూర్చోవాలా, కుర్చీ టిక్కెట్లు కొనాలా?

సియాటిల్‌లో ఉంటున్నామనీ, ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలతో సెప్టెంబరు మొదటి సోమవారం వచ్చే లేబర్ డే వారాంతంలో గోర్జ్‌కు, అంటే కొలంబియా నది లోయ పక్కనున్న ఆరుబయలు వేదికకు, ఈ అమెరికన్ రాక్ బ్యాండు కచేరీ వినడానికి వెళ్లాలనుందనీ రాశారు. మా అత్తగారినీ మామగారినీ వెంటబెట్టుకుని వెళ్లినవాణ్ని కాబట్టి చెబుతున్నాను: నిక్షేపంగా తీసుకెళ్లండి. మోకాళ్లు సహకరించే వాళ్లయితే టిక్కెట్లు పచ్చికలోనే కొనండి. అలా మిగిలిన డబ్బు పెట్టి రెండో రాత్రి కూడా వినండి.

రెండో రాత్రి అని ఊరికే అనడం లేదు. శుక్ర, శని, ఆదివారాలు మూడు రాత్రులూ వీళ్లు వాయిస్తారు, ఏ రాత్రి పాటలు ఆ రాత్రివే. నిన్నటి పాట ఇవాళ దాదాపుగా వినబడదు. ఒక్క రాత్రి ముందు వరుసలో కూర్చోవడం కంటే రెండు రాత్రులు దూరంగా కూర్చోవడం మేలని నా లెక్క. పైగా అక్కడ ముందు వరుస వాళ్లకే నష్టం. వేదిక వెనక కొలంబియా నది లోయ, దాని అవతల నల్లని బసాల్టు రాతి గట్లు. ముందు నిలబడ్డవాళ్లకు వేదిక, ఎదుటివాళ్ల టోపీలు కనిపిస్తాయి. నది కనిపించేది ఏటవాలుగా పైకి లేచిన గడ్డి గుట్ట మీద కూర్చున్నవాళ్లకు. 1980ల మధ్యలో ఒక వైనరీ యజమానులు ఆ వాలు చూసి కచేరీలు మొదలుపెట్టారు. ఇప్పుడక్కడ 27,500 మంది పడతారు.

ఇక పెద్దవాళ్ల సంగతి. మా మామగారికి కర్ణాటక సంగీతం తప్ప మరొకటి రుచించదు. కారెక్కేటప్పుడే “ఆ గోల నేను భరించలేను బాబూ, మీరు వెళ్లిరండి” అన్నారు. ఆయన మనసు మార్చింది పాట కాదు, డ్రమ్ములు వాయించే కార్టర్ బ్యూఫోర్డ్. మామూలుగా డ్రమ్మర్లు ఎడమ పక్కనున్న హై-హ్యాట్ తాళాలను కుడిచేత్తో కొడతారు. అందుకని రెండు చేతులూ ఒకదాని మీద ఒకటి అడ్డంగా పడతాయి. ఈయన ఆ తాళాలను ఎడమచేత్తోనే అందుకుంటాడు, కుడిచెయ్యి మిగతా డ్రమ్ముల మీద స్వేచ్ఛగా తిరుగుతుంది. చేతులకు గ్లోవ్స్ వేసుకుని, చుట్టుపక్కల ఏమీ పట్టనట్టు నవ్వుతూ వాయిస్తాడు. బైనాక్యులర్స్ మామగారి చేతికిచ్చి, ఆ ఎడమచెయ్యి చూడమన్నాను. కాసేపటికి చూస్తే ఆయన చెయ్యి తొడ మీద తాళం వేస్తోంది. పాట మధ్యలో శాక్సఫోను, ట్రంపెట్ ఒకరిమీద ఒకరు పోటీగా అల్లుకుంటూ పోయినప్పుడు, “ఈ డ్రమ్ములతనికి తని ఇవ్వరేమిటి?” అని విసుక్కున్నారు కూడా (మన కచేరీల్లో మృదంగం ఒక్కటే వాయించే ఘట్టం తని). బైనాక్యులర్స్ మళ్లీ నా చేతికి రాలేదు. కాబట్టి రెండు జతలు పట్టుకెళ్లండి.

అమ్మగారికీ నాన్నగారికీ ముందే కొంచెం చెవి అలవాటు చేయండి. ఇదే వేదిక మీద 2002లో రికార్డు చేసి 2004లో విడుదల చేసిన కచేరీ దొరుకుతుంది. అయిదు నిమిషాల పాటను పదిహేను నిమిషాలు సాగదీయడం వీళ్ల పద్ధతి. అది తెలియకుండా వెళితే “ఇంకా అయిపోలేదా?” అంటారు, తెలిసి వెళితే ఎదురుచూస్తారు. బ్యాండులో మొదటి నుంచీ వయొలిన్ ఉండేది, 2018 నుంచి లేదు. పాత రికార్డులు విని వయొలిన్ కోసం చూసే పెద్దవాళ్లకు ఈ మాట ముందే చెప్పండి.

సియాటిల్ నుంచి 240 కిలోమీటర్లు. కాస్కేడ్ పర్వతాలు దాటగానే వాన, చెట్లు వెనకబడిపోయి ఎండిన నేల మొదలవుతుంది. మబ్బుల్లోని తేమనంతా పర్వతాలు ఇవతలే పిండేసుకుంటాయి మరి. ఆగస్టు చివర పగలు 35 డిగ్రీలు దాటినా, పొద్దుగూకాక చలి పెడుతుంది. పచ్చికలో కూర్చుంటే సాయంత్రం ఎండ నేరుగా కళ్లలోకే కొడుతుంది, ఎందుకంటే సూర్యుడు అస్తమించేది వేదిక వెనకే. అంచున్న టోపీలు, చలువ కళ్లద్దాలతో పాటు ఉన్ని శాలువా, మంకీ క్యాపు కూడా సంచిలో పెట్టండి. మా అత్తగారి మంకీ క్యాపును చూసి పక్కనున్న కుర్రాళ్లు మెచ్చుకున్నారు. ఎక్కడ దొరుకుతుందని అడిగారు కూడా.

ఆ కుర్రాళ్ల వైపు నుంచి మరో ఇబ్బంది కూడా వస్తుంది. వాషింగ్టన్ రాష్ట్రంలో గంజాయి 2012 నుంచి చట్టబద్ధమే. పదిమందిలో తాగకూడదని చట్టంలో ఉన్నా, పచ్చికలో ఎవరూ పట్టించుకోరు. “ఎవరో గడ్డి తగలబెడుతున్నట్టున్నారు” అని అత్తగారు అన్నప్పుడు మేం అవునన్నాం. ఈ వాసన పడని వాళ్లయితే గుట్ట అంచుల్లో, గాలి తగిలే చోట దుప్పటి పరవండి.

రాత్రే ఇంటికి తిరిగి వచ్చేద్దామనుకోకండి. కచేరీ అయ్యాక అన్ని వేల కార్లూ ఒకేసారి కదులుతాయి, పార్కింగ్ నుంచి బయటపడడానికే చాలాసేపు పడుతుంది. ఆ తర్వాత అర్ధరాత్రి కొండదారి. పక్కనే టెంటు వేసుకునే మైదానం ఉంది కానీ, తెల్లవార్లూ పాటలు, కేకలు. పెద్దవాళ్లకు అది కుదరదు. ఎలెన్స్‌బర్గ్‌లోనో మోజెస్ లేక్‌లోనో గది తీసుకోండి. వేసవి మొదట్లోనే తీసుకోవాలి, తర్వాత దొరకవు.

పార్కింగ్ నుంచి గేటుకు, గేటు నుంచి గుట్ట మీదకు నడక చాలానే ఉంటుంది. మోకాళ్ల నొప్పులుంటే నా పచ్చిక సలహా పక్కన పెట్టి కుర్చీలే కొనండి. ఉబ్బసం ఉంటే మాత్రం బయల్దేరే రోజు ఉదయం గాలి నాణ్యత చూసుకోండి. ఆ రోజుల్లో కార్చిచ్చుల పొగ లోయలో కమ్మేస్తే, ఎంత ఖరీదు టిక్కెట్టయినా ఎవరికైనా ఇచ్చేయడమే మంచిది.